నోట్లో పడని మందు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది, పొంగల్ సెలవులు ముగిసిన మొదటి సోమవారం, నేను తిరువళ్ళూరు జిల్లా మందుల గిడ్డంగి నుంచి తిరుత్తణి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ మీద వెళ్ళాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు కూడా లేవు. హోదా చీఫ్ ఫార్మసిస్టు. ఆ కేంద్రంలో నేను తప్ప ఇంకొక ఫార్మసిస్టు లేడు కనుక నేను ఎవరికి చీఫ్‌నో చివరిదాకా తేలలేదు.

గిడ్డంగిలో నా పనంతా అట్టపెట్టెలతో. పెట్టె మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి, ముందు గడువు తీరేవాటిని ముందు బయటికి పంపాలి. పెట్టెలకు అభిప్రాయాలు ఉండవు. ఏళ్ళ తరబడి అలా హాయిగా గడిపినవాడిని తీసుకొచ్చి మందుల కిటికీ వెనక కూర్చోబెట్టారు. అక్కడ మందుల కంటే మందుల మీద అభిప్రాయాలే ఎక్కువ.

రోజూ పొద్దున తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి తిరుత్తణిలో దిగి, అక్కడినుంచి టౌన్ బస్సులో వెళ్ళేవాణ్ణి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం. మా మెడికల్ ఆఫీసరు చెన్నై నుంచి వచ్చిన చిన్నవయసు డాక్టరమ్మ, ఆమెకు తమిళం, ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. ఆమె ఎదుట తమిళంలో "సరి, సరి" అని తల ఊపి వచ్చినవాళ్ళు నా కిటికీ దగ్గరికి రాగానే తెలుగులో అసలు సంగతి విప్పేవాళ్ళు. ఆ విధంగా నేను కోరకుండానే సగం గ్రామం మనసు నాకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని నేను అనుకున్నాను.

వారానికొకరోజు షుగర్, బీపీ రోగుల రోజు. ఒక్కొక్కరికి ఒక పుస్తకం ఉంటుంది. నర్సు వేలు గుచ్చి షుగర్ చూసి అందులో రాస్తుంది, డాక్టరమ్మ మందు రాస్తుంది, నేను నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి సంతకం పెడతాను. కాగితం మీద ఇంతకంటే సులువైన ఏర్పాటు ఉండదు. కాని ఆ మాత్రలు ఇంటికి చేరాక వాటి గతి వేరు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఇంట్లో మైసూర్‌పాక్ చేసిన రోజునే మాత్ర వేసుకునేవాడు, మిగతా రోజుల్లో తీపి తినలేదు గదా, మాత్రకు పనేముందని ఆయన వాదం. ఒకామె మాత్ర వేడి చేస్తుందని మజ్జిగతో తప్ప మింగేది కాదు, మజ్జిగ లేని రోజు మాత్రా లేదు. కంపెనీ మారి తెల్ల మాత్రకు బదులు గులాబి రంగుది వచ్చిన నెల నేను ఎదుర్కొన్న తిరుగుబాటును మా పై అధికారులు చూసివుంటే నాకు ఇంకొక ప్రమోషన్ ఇచ్చేవాళ్ళు. ఇక పరీక్షకు ముందు రెండు రోజులు మాత్రం అందరూ క్రమశిక్షణకు మారుపేరు. కొర్రలు తిని, కాకరకాయ రసం తాగి, మాత్రలు వేళకు మింగి వచ్చేవాళ్ళు. పుస్తకంలో అంకెలు చక్కగా ఉండేవి.

ఇలాంటివాళ్ళ మధ్య వళ్ళెమ్మ వేరు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త దొరసామితో కలిసి అరెకరం మల్లెతోట పెట్టుకొని, పొద్దున కోసిన పూలు తిరుత్తణి పూల కొట్లకు వేసేది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. నేను గిడ్డంగి అలవాటు కొద్దీ ఒక నియమం పెట్టాను: పాత మాత్రల అట్టలు తిరిగి తెస్తేనే కొత్తవి. చాలామంది మాత్రలు ఎక్కడో పారేసి ఖాళీ అట్టలు తెచ్చి నన్ను సంతోషపెట్టేవాళ్ళు. వళ్ళెమ్మ మాత్రం మిగిలిన మాత్రలతో సహా అట్టలు తెచ్చి కిటికీలో పెట్టి, "మిగిలినవి ఎవరికన్నా పనికొస్తాయి, ఎత్తిపెట్టన్నా" అనేది. నెలకు పదో పదకొండో మిగిలేవి. ఎప్పుడూ దాదాపు అంతే.

ఆ లెక్క నన్ను తొలిచింది. మరచిపోయేవాళ్ళకు ఒక నెల రెండు మిగులుతాయి, ఒక నెల ఇరవై మిగులుతాయి. ఇంత కచ్చితంగా ఎవరూ మరచిపోరు. ఒకరోజు మధ్యాహ్నం గోడకున్న తమిళ క్యాలెండరు దించి ఆ నెల తేదీలు చూశాను. మంగళవారాలు, శుక్రవారాలు, రెండు షష్ఠులు, ఒక కృత్తిక. కలిపితే ఆమె తెచ్చిన మాత్రల సంఖ్యకు సరిపోయింది. అవన్నీ మురుగుడి ఉపవాస దినాలు. అక్కడివాళ్ళు విరతం అంటారు.

తరువాతి నెల మాత్రలకు వచ్చినప్పుడు అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"విరతం పూట నోట్లో ఏమీ పడకూడదు గదన్నా. మాత్ర మింగితే తిన్నట్టే."

కాఫీ తాగుతావా అని అడిగాను. తాగుతుందట.

"కాఫీ నీళ్ళు గదా. అది తప్పు లే. మాత్ర గట్టి పదార్థం."

కాఫీలో బెల్లం వేస్తావా అంటే, వెయ్యకుండా ఎట్ల తాగేది అని నా వైపు జాలిగా చూసింది. డాక్టరమ్మకు ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటే, అడగలేదు గదా అంది. అదీ నిజమే. "మాత్ర వేసుకుంటున్నారా" అని డాక్టరమ్మ అడిగేది, "వేసుకుంటా ఉండా" అని ఈమె చెప్పేది. నెలలో ఇరవై రోజులు వేసుకునే మనిషి అలా అంటే తప్పేమీ లేదు.

ఆ విరతాల వెనక ఒక కథ ఉంది. వళ్ళెమ్మ తల్లికి షుగర్ ముదిరి మోకాలి దాకా కాలు తీసేశారు. అయిదారేళ్ళ కిందట ఈమెకు కూడా కాలి బొటనవేలికి పుండు పడింది. తల్లి గతే తనకూ పడుతుందని వణికిపోయి తిరుత్తణి కొండ మురుగుడికి మొక్కుకుంది. కాలు నిలబెడితే వారం వారం విరతం ఉంటానని, ఏటా తమిళ ఆడి నెలలో వచ్చే ఆడికృత్తిక పండగకు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా తన కాళ్ళతోనే మెట్లెక్కి వస్తానని. పుండు మానింది. అప్పుడు ఏ మందు వాడారని అడిగితే ఆమెకు గుర్తులేదు. మొక్కిన రోజు మాత్రం వారంతో సహా చెప్పింది. "షుగర్ మీది అన్నా, మీరు చూసుకోండి. కాలు సామిది" అని పంపకాలు తేల్చేసింది.

నేను వెళ్ళిన నాలుగో నెలలో సామిది అనుకున్న కాలికి మళ్ళీ పుండు పడింది, ఈసారి అరికాల్లో. మల్లెతోటలో ఏదో గుచ్చుకుంది, ఆమెకు తెలియనే లేదు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నర్సు కట్టు విప్పి చూసి వెంటనే డాక్టరమ్మను పిలిచింది. పుస్తకంలో షుగర్ అంకె చూసి డాక్టరమ్మ, ఇక మాత్రలతో కుదరదు, పుండు మానేదాకా ఇన్సులిన్ వెయ్యాల్సిందే అంది. ఆలస్యమైతే వేలుతో మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పలేనంది. దొరసామి గోడకు ఆనుకొని నిలబడి తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. వళ్ళెమ్మ ఏడవలేదు. ఆడికృత్తికకు మెట్లెక్కగలనా లేదా అని ఒకే ప్రశ్న అడిగింది.

మా అనుభవంలో ఇన్సులిన్ అనగానే రోగులు పారిపోతారు. ఆ సూది ఆఖరి మెట్టని, ఒకసారి మొదలెడితే చచ్చేదాకా వదలదని ఊరంతా నమ్మకం. ఆ మాట అన్నాక రెండు నెలలు కనబడనివాళ్ళు నాకు తెలుసు. కాబట్టి వళ్ళెమ్మను ఒప్పించే బాధ్యత డాక్టరమ్మ నాకు అప్పగించింది. "మీరు వాళ్ళ భాషలో చెప్పండి సార్" అంది. నేను కిటికీ వదిలి బయటికొచ్చి, బెంచీ మీద ఆమె పక్కన కూర్చొని, గొప్ప తెలివైన మాట ఒకటి చెప్పాను.

"ఇది నోట్లో పడేది కాదమ్మా. చర్మం కింద వేసుకునేది. దీంతో విరతం చెడదు. విరతం రోజు కూడా మానకుండా వేసుకోవచ్చు."

ఆమె ముఖం విప్పారింది. ముందే ఈ సంగతి చెప్పుంటే ఇన్నాళ్ళు ఆ మాత్రలతో పోరు తప్పేది గదన్నా అని నన్నే తప్పుబట్టింది. డాక్టరమ్మ నిర్ఘాంతపోయింది. ఇన్సులిన్‌కు నవ్వుతూ ఒప్పుకున్న రోగిని ఆమె మొదటిసారి చూస్తోంది. ఏం చెప్పి ఒప్పించారని అడిగితే, అదంతా అనుభవం మేడం అని మీసం తడుముకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నర్సు కమలాపండు మీద సూది గుచ్చడం నేర్పింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తిండికి అరగంట ముందు. ఫ్రిజ్ లేనివాళ్ళు మందుసీసాను మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నీళ్ళు పోసిన మట్టికుండలో పెట్టుకోవాలి. వళ్ళెమ్మ కొత్త కుండ కొని దానికి పసుపు, కుంకుమ పెట్టింది. సూది వేసుకోవడంలో ఆమె శ్రద్ధ చూసి నర్సు మిగతా రోగులకు ఆమెను ఉదాహరణగా చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క పూట తప్పలేదు, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కాలేదు. రెండు నెలల్లో షుగర్ దిగింది, పుండు ఎండింది. ఆడికి ముందు వచ్చే ఆని నెలాఖరుకు అరికాల్లో మచ్చ తప్ప ఏమీ లేదు. ఇన్సులిన్ ఇంకొంతకాలం సాగించి తరువాత మాత్రలకు మారుద్దామని డాక్టరమ్మ నిర్ణయించింది. జిల్లా సమీక్షా సమావేశంలో ఆమె మా కేంద్రం తరఫున ఈ కేసు వివరించినప్పుడు, నేను వెనక వరుసలో కూర్చొని కాఫీ తాగుతూ వినయంగా కనబడటానికి చాలా కష్టపడ్డాను.

ఆ మధ్యలో ఒకసారి మందు తీసుకోవడానికి వచ్చి వళ్ళెమ్మ ఒక సంగతి చెప్పింది.

"మంగళవారం పూట ఒళ్ళు జల్లుమంటా ఉండాది అన్నా. చెమట పోస్తాది, చేతులు వణకతాయి. సామి దగ్గరగా వస్తా ఉండాడేమో."

భక్తి ముదిరిందని నవ్వి, మంచిదేలే అని సీసా చేతిలో పెట్టాను. నా వెనక గోడకు షుగర్ పడిపోయినప్పుడు కనిపించే లక్షణాల పట్టిక అతికించి ఉంది. చెమట, వణుకు, గుండెదడ అని బొమ్మలతో సహా. దాన్ని అతికించింది నేనే.

ఆడికృత్తికకు తిరుత్తణి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చిత్తూరు వైపునుంచి, చెన్నై వైపునుంచి లక్షలాది జనం. పూల కావళ్ళు, పాల కావళ్ళు, పసుపు బట్టలు, మురుగుణ్ణి తలుస్తూ "అరోగరా" అని కొండ దద్దరిల్లే కేకలు. కొండకు ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. ఆ పండగ రోజుల్లో ఆరోగ్యశాఖ మెట్ల దారిలో శిబిరాలు పెడుతుంది. చుట్టుపక్కల కేంద్రాల సిబ్బందికి అక్కడ డ్యూటీ వేస్తారు. మాకు మెట్ల మధ్యలో పందిరి పడింది. రెండు మడత మంచాలు, బీపీ యంత్రం, షుగర్ చూసే మీటరు, నీళ్ళలో కలుపుకునే ఉప్పూ చక్కెరా పొడి పొట్లాలు, ఒక రిజిస్టరు. డాక్టరమ్మ, నర్సు, నేను. పొద్దున అంతా కాళ్ళు బెణికినవాళ్ళు, కళ్ళు తిరిగినవాళ్ళు, మెట్ల మీద పిల్లాణ్ణి తప్పిపోగొట్టుకొని పోలీసు పందిరి అనుకొని మా దగ్గరికి వచ్చినవాళ్ళు. పదిన్నర ప్రాంతంలో పై మెట్ల మీద ఎవరో మూర్ఛపోయారంటే డాక్టరమ్మ, నర్సు మందుల సంచి తీసుకొని అక్కడికి వెళ్ళారు. పందిట్లో నేను ఒక్కణ్ణే మిగిలాను.

అప్పుడే కింద పదిహేను ఇరవై మెట్ల దూరంలో జనం గుమికూడటం చూశాను. కావళ్ళ ముందు వాయించే పంబ మోత ఆగింది. "సామి వచ్చినాడు! సామి వచ్చినాడు!" అని కేకలు. ఆ రోజున అది వింతేమీ కాదు, కావడి ఎత్తినవాళ్ళకు పూనకం రావడం మామూలే. నేను రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాను. మరి ఎందుకో తల ఎత్తి చూస్తే, గుంపు అంచున పూలబుట్ట పట్టుకొని దొరసామి నిలబడి కనిపించాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది.

అది చూడగానే మంగళవారం మాట గుర్తొచ్చింది. ఒళ్ళు జల్లుమంటా ఉండాది అన్నా. మీటరు చేత పట్టుకొని, ఒక పొట్లం జేబులో వేసుకొని మెట్లు దిగి పరుగెత్తాను.

గుంపు మధ్యలో వళ్ళెమ్మ మెట్టు మీద కూర్చొని ఊగుతోంది. జుట్టు విడిపోయింది. చీర చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. నుదుటి మీద ఎవరో గుప్పెడు విభూతి రాశారు. ఒకాయన చేతులు జోడించి వంగి, "సామీ, ఈ తూరి బోరు వేస్తే నీళ్ళు పడతాయా?" అని అడుగుతున్నాడు. ఆయన వెనక మరో ఇద్దరు తమ తమ ప్రశ్నలతో వరుసలో ఉన్నారు. వళ్ళెమ్మ ఏదో గొణిగింది. "తడిగుడ్డ కప్పు... పూలు వాడిపోతా ఉండాయి" అని నాకు వినిపించింది. పూలంటే నీళ్ళే, నీళ్ళు పడతాయని సామి చెప్పేసినాడని పక్కనున్న పెద్దావిడ అర్థం చెప్పింది. బోరు ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

నేను దగ్గరికి పోబోతే దొరసామే నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాకద్దన్నా. ఎన్నేండ్లనించి సామి కోసం ఎదురు చూసినాదో నీకు తెలీదు."

పొద్దున ఏం తినిందని అడిగాను. ఆడికృత్తిక గదా, నీళ్ళు కూడా తాగలేదన్నాడు. సూది వేసుకుందా అని అడిగాను.

"వేసుకోకుండానా? నువ్వే గదన్నా చెప్పినావు, విరతం పూట కూడా మానొద్దని!"

అరగంట ముందు వేసుకోవాలని నర్సు నేర్పిన తిండి ఆ రోజు లేనే లేదు. మిగతా విరతాల పూట బెల్లం కాఫీ ఆమెను ఎలాగో నిలబెట్టింది. ఆ రోజు ఆ కాఫీ కూడా లేదు, పైగా సగం కొండ ఎక్కింది. ఇంకొంచెంసేపు జనం సామిని ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే స్పృహ పోతుంది, ఆపైన ఫిట్స్, ఆపైన నేను ఆలోచించదలచుకోలేదు.

వైద్యం చెబితే వినే గుంపు కాదది. నోటికి తోచింది చెప్పేశాను. సామి వచ్చినోళ్ళకు ఒళ్ళు నిప్పు మాదిరి కాలతాది, ఈమెను తాకి చూడు అన్నాను దొరసామితో. ఆ మాట నేను ఎక్కడా చదవలేదు, ఎవరూ నాకు చెప్పలేదు, అప్పటికప్పుడు పుట్టింది. ఆయన జంకుతూ భార్య చెంప మీద చెయ్యి వేశాడు. చెమటకు తడిసి మంచులా చల్లగా ఉంది. ఆయన ముఖంలో వెలుగంతా ఒక్కసారి ఆరిపోయింది. "వళ్ళీ! యేయ్ వళ్ళీ!" అని భుజాలు పట్టుకొని కుదిపాడు. ఆ కేకకు గుంపు రెండు అడుగులు వెనక్కి జరిగింది.

వేలు గుచ్చి చూశాను. మీటరు మీద అంకె నలభై కూడా చేరలేదు. జేబులో ఉన్న చక్కెర పొడి పొట్లం ఎవరిదో నీళ్ళ సీసాలో కలిపి నోటి దగ్గర పెడితే, వళ్ళెమ్మ పళ్ళు బిగించింది. మాట తడబడుతున్నా విరతం మాత్రం గట్టిగా గుర్తుంది. "దర్శనం... కాలేదు..." అంటూ తల అడ్డంగా ఊపుతోంది. దొరసామి బతిమాలాడు, నేను బతిమాలాను. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. తనంతట తాను ప్రాణం మీదికి తెచ్చుకున్నా బాధపడేవాణ్ణి, ఈమె నా మాట మీద తెచ్చుకుంది. ఆ క్షణంలో నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

దర్శనం ముగించి పైనుంచి దిగుతున్న ఒక కుటుంబం ఆగి చూస్తోంది. అందులో ఒకామె చేతిలో పంచామృతం డబ్బా ఉంది. అరటిపండు, బెల్లం, తేనె, ఖర్జూరం. తిరుత్తణిలో దొరికే మందుల్లో నాకు ఆ సమయానికి అంతకంటే గొప్పది తోచలేదు. డబ్బా లాక్కున్నంత పని చేసి, వళ్ళెమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"అమ్మా, సామి ప్రసాదం! సామే కిందికి దిగొచ్చినాడు. వద్దనకూడదు!"

ఆమె నోరు తెరిచింది.

కొంచెం కొంచెంగా వేలితో చెంప లోపలి వైపు రాస్తూ, మింగిందో లేదో చూసుకుంటూ, డబ్బాలో సగం పెట్టాను. అయిదు నిమిషాలు గడిచాయో పది గడిచాయో. వణుకు తగ్గింది. కళ్ళు నిలిచాయి. నన్ను గుర్తుపట్టి, కొంగు సర్దుకొని, "నువ్వు ఈడ ఏం చేస్తా ఉండావన్నా?" అంది. బోరు ఆయన నిరాశగా వెళ్ళిపోయాడు. తన జవాబు చెల్లుతుందో లేదో పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చాక మంచం మీద పడుకోబెట్టి గంటకొకసారి షుగర్ చూశాం, ఇడ్లీలు తినిపించాం. ప్రసాదం పడింది కాబట్టి విరతం విడిచినట్టేనని ఆమె తనంతట తానే తీర్పు చెప్పుకుంది, మాకు ఆ బాధ తప్పింది. మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ అనుమతించాక మిగతా మెట్లు తన కాళ్ళతోనే ఎక్కింది. ఒక పక్క దొరసామి, రెండో పక్క నేను. దర్శనం చేసుకుంది. సామికి ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను మాత్రం ఆమెను ప్రాణాలతో ఉంచినందుకు మనసారా దణ్ణం పెట్టుకున్నాను.

కిందికి వచ్చాక శిబిరం రిజిస్టరు నింపాలి. రోగి పేరు, వయసు, లక్షణాలు, చికిత్స, చివరన కారణం. కారణం గడిలో నర్సు "ఉపవాసం" అని రాసింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, విరతం రోజు కూడా సూది వేసుకోవచ్చని ఆమెకు ఎవరు చెప్పారని అడిగింది. నేనే అన్నాను. తిండి లేకపోతే వెయ్యకూడదని చెప్పారా అని అడిగింది. లేదన్నాను. మంగళవారం చెమటల సంగతి కూడా చెప్పాను. ఆమె కోప్పడలేదు. ఆ సంగతి ఆ రోజే తనకు చెప్పుంటే బాగుండేదంది. నా కూతురి వయసు పిల్ల అంత మెత్తగా అనడం కంటే నాలుగు చీవాట్లు పెట్టుంటే నాకు తేలికగా ఉండేది. నర్సును అడిగి రిజిస్టరు తీసుకొని, "ఉపవాసం" పక్కన "ఫార్మసిస్టు ఇచ్చిన అసంపూర్ణ సూచన" అని చేర్చి సంతకం పెట్టాను.

తరువాతి వారం డాక్టరమ్మ, వళ్ళెమ్మ, నేను క్యాలెండరు ముందు పెట్టుకొని కూర్చున్నాం. ఏ విరతానికి ఏం తింటుంది, ఎన్ని గంటలకు తింటుంది అని డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగి, ఏ రోజు ఎంత మోతాదు, ఏ రోజు తినేదాకా సూది తాకకూడదు అన్నది తేదీల పక్కనే రాసిచ్చింది. ఆడికృత్తిక పూట ప్రసాదం తిన్నాకే, అదీ డాక్టరుకు చూపించుకొనే సూది వేసుకోవాలని తీర్మానం. చెమట, వణుకు వస్తే విరతమైనా సరే బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలన్నాం. దానికి వళ్ళెమ్మ తన లెక్క తను చెప్పింది.

"సామే వచ్చినాడనుకున్నా అన్నా. నువ్వేమో షుగర్ దిగినాదంటావు. సరే, ఈ తూరి అట్ల వస్తే ముందు బెల్లం తింటా. తిన్నాక కూడా ఉంటే సామి, పోతే షుగర్."

డాక్టరమ్మకు అనువదించి చెప్పాను. ఇంతకంటే మంచి పరీక్ష తన పుస్తకాల్లోనూ లేదంది.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మాత్ర వేసుకుంటున్నారా అని నేను ఎవరినీ అడగలేదు. ఏ రోజున వేసుకోరు, ఆ రోజున ఏం తింటారు అని అడిగేవాణ్ణి. క్యూ నిదానంగా కదిలేది, వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేను లెక్కచెయ్యలేదు. రోగి ఏదైనా వింత సంగతి చెబితే నవ్వి ఊరుకోకుండా డాక్టరమ్మ చెవిన వేసేవాణ్ణి.

మాట వినని రోగులతో ఎలా వేగాలో మా శాఖ నాకు చాలాసార్లు శిక్షణ ఇచ్చింది. మైసూర్‌పాక్ డ్రైవరు, మజ్జిగ ఆమె నా మాట సగమే విన్నారు, ఇద్దరూ నేను రిటైరయ్యేనాటికి బాగానే ఉన్నారు. నేను చెప్పింది చెప్పినట్టు అక్షరం తప్పకుండా పాటించిన రోగి వళ్ళెమ్మ ఒక్కతే. నా చేతుల్లో చావు దాకా వెళ్ళివచ్చింది కూడా ఆమె ఒక్కతే.